రాణి లేని పెట్టెలు

గంగులమ్మ పుట్టిన ఊళ్ళో చెద కనబడితే కిరసనాయిలు పోసేవాళ్ళు. కువైట్‌కు వచ్చిన తొమ్మిదో ఏట, ఆ చెదకే దూదితో నీళ్ళద్ది, వేళకు కొయ్యపొట్టు వేసి సాకడం ఆమె పనుల్లో ఒకటయింది.

ఫింటాస్‌లో సముద్రం రోడ్డుకు రెండు వీధుల ఇవతల ఉండే పాత ఇల్లు అది. ఇంటి వెనక పదకొండు ఖర్జూరపు చెట్లు. ఇంటావిడ డాక్టర్ బదరియా రోగుల డాక్టరు కాదు, యూనివర్సిటీలో పురుగుల చదువు చెప్పే డాక్టరు. గంగులమ్మకు మాత్రం ఇక్కడ పనోళ్ళందరికీ మాదిరే ఇంటావిడ అంటే మామా. యూనివర్సిటీలో ఆమె గదిని మరమ్మతుకు విప్పినప్పుడు పన్నెండు చెదల పెట్టెలను కారులో ఇంటికి తెచ్చి, వంటింటి పక్కన ఉన్న సామాన్ల గదిలో పెట్టించింది. బిర్యానీ పార్శిల్ డబ్బాల్లాంటి పెట్టెలు. అడుగున ఇసుక, పైన ఖర్జూరపు మొద్దు పొట్టు, మధ్యలో తడిదూది. పెట్టెలన్నీ ఒక ఇనుప స్టాండు మీద, స్టాండు నాలుగు కాళ్ళూ నీళ్ళు పోసిన నాలుగు స్టీలు గిన్నెల్లో. చీమలు ఎక్కకుండా ఆ ఏర్పాటు.

మొదట్లో ఒక చదువుకునే పిల్ల వచ్చి పెట్టెలు చూసుకునేది. పెళ్ళి కుదిరి మానేసింది. ఒకరోజు మామా తడి కుంచెతో చెదలను ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెలోకి మారుస్తూ అవస్థ పడుతుంటే, టీ తెచ్చిన గంగులమ్మ చూస్తూ నిలబడి, చివరికి ఉండబట్టలేక కుంచె అందుకుంది. బియ్యంలో రాళ్ళు, కందిపప్పులో పుచ్చులు ఏరిన చేయి. రెండు వందలు మార్చితే ఒక్కటి చావలేదు.

"నా స్టూడెంట్ల చేతిలో పదికి మూడు చస్తాయి. నీ చేతులు బంగారం గంగూ" అంది మామా.

ఆ మాటకు గంగులమ్మ వారం రోజులు పొంగిపోయింది. తొమ్మిదేళ్ళలో కూర బాగుందన్నారు, ఇల్లు అద్దంలా ఉందన్నారు. చేతులు బంగారమని ఎవరూ అనలేదు. అప్పటినుంచి పొద్దున్నే మామా కబీరాకు, అంటే మామా తల్లికి, చక్కెర జబ్బు సూది వేసి నాస్తా పెట్టాక సామాన్ల గదిలోకి పోయేది. పెట్టె పెట్టెకూ తడి చూసేది, గోడకున్న మీటరులో వేడి చూసేది. చచ్చినవి ఉంటే తీసి లెక్క రాసేది.

పక్కింట్లో వంట చేసే రాయచోటి ఖాతూన్ బీ ప్రహరీ మీదుగా తల పెట్టి ఎగతాళి చేసేది.

"ఏం గంగులమ్మా, నీ బిడ్డలు పాలు తాగినారా?"

"నీళ్ళు తాగినారు. నీకెందుకు మే?"

"అరె, మా ఊర్లో వానకు ఉసిళ్ళు లేస్తే దీపం కింద బేసిన్ పెట్టి పట్టి, బొరుగులతో ఏంచుకోని తింటాం. నువ్వేమో ఏసీ గదిలో పెట్టి సాకుతాండావు. ఈ అరబ్బోళ్ళకు దుడ్లు ఎక్కువై పిచ్చి పట్టిందిలే."

"ఊరికే కాదక్కా. వీటిల్లో రాణి లేదు. రాణి లేకుంటే పనోళ్ళల్లో ఎవురన్నా తల్లి అయితారా అని చూస్తాంది మామా."

"అయితే ఏం వస్తాది ఆయమ్మకు?"

"నాకు ఇజాజా వస్తాది" అంది గంగులమ్మ.

అది నవ్వుకోసం అన్న మాట కాదు. ఇజాజా అంటే సెలవు. ఆ సెలవు మీదే ఆమె ప్రాణం ఉంది.

గంగులమ్మకు ముప్పై ఎనిమిది. మొగుడు చిన్నపుల్లయ్యది కూడా కువైటే. పక్కనున్న మహబూలాలో ఏడుగురితో ఒక గదిలో ఉండి గోడలకు రంగులేసే పని. బస్సులో పదిహేను నిమిషాల దూరం. పెళ్ళయి పన్నెండేళ్ళయినా ఇద్దరూ ఒకే కప్పు కింద గడిపిన రోజులన్నీ కూడితే ఏడాది నిండదు. ఆయన సెలవుకు ఈమె సెలవు కలిసింది రెండే సార్లు. శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలు సముద్రం ఒడ్డున రాళ్ళ మీద కూర్చుని, ఆమె కట్టుకొచ్చిన అన్నం తినడమే వాళ్ళ కాపురం. పోయినసారి ఊరికి పోయినప్పుడు తిరుపతిలో సంతానం డాక్టరమ్మ రక్తం తీయించి, స్కానింగ్ చేసి, కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. "గర్భసంచి బాగుంది. అండాలే తక్కువ. ఉన్నవి కూడా ఎదగడం లేదు. సూదులు వేసి ఎదిగించి, బయటకు తీసి కలపాలి. తొందరగా రా. వచ్చే జనవరి దాటితే నీ అండాల మీద ఆశ పెట్టుకోవద్దు."

డిసెంబరు పద్దెనిమిదికి తారీఖు రాయించుకుంది. సెలవుకు మామా కూడా ఒప్పుకుంది. పెట్టెల్లో దేంట్లోనైనా గుడ్లు కనబడి, ఆ పెట్టినదాన్ని పరీక్ష చేసి ఫోటోలు తీయడం అయిపోతే ఖలాస్, డిసెంబరు పదికి టికెట్ తీస్తానంది. ఎందుకు పోవాలో గంగులమ్మ చెప్పలేదు. చెప్పడానికి సిగ్గు. పైగా వాళ్ళిద్దరి మధ్య నడిచేది వంటింటి అరబ్బీ. అందులో ఉల్లిగడ్డకూ ఇస్త్రీకీ మాటలున్నాయి గానీ ఇలాంటివాటికి లేవు.

ఆగస్టులో ఒక సాయంత్రం మామా కంప్యూటరు ముందు కూర్చుని ఆమెను పిలిచింది. తెర మీద పూసల దండల్లాంటివి కనబడ్డాయి. పూసలు ఒక కొసన ఆవగింజంత ఉండి, రెండో కొసకు వచ్చేసరికి ద్రాక్షపండంత అయ్యాయి.

"ఇది రాణి కడుపు. ఈ చివరవి నిండుగా ఎదిగిన అండాలు. లోపల పచ్చసొన పట్టింది చూడు." మామా ఇంకో బొమ్మ తెచ్చింది. అందులో దండలు సన్నటి దారాల్లా ఉన్నాయి. పూసలన్నీ ఆవగింజలే. "ఇది పని చేసేదాని కడుపు."

గంగులమ్మ వంగి చూసింది. తిరుపతి డాక్టరమ్మ గీసిన బొమ్మలోని చుక్కలు గుర్తొచ్చాయి.

"పని చేసేదానికి గూడా ఉంటాయా మామా?"

"ఉంటాయి. అన్నీ ఒకే తల్లి పిల్లలే కదా. ఒకటి పనికి పోతుంది, ఒకటి పెద్ద తల పెంచుకుని కాపలా కాస్తుంది, ఒకదానికి రెక్కలొచ్చి ఎగిరిపోయి కాపురం పెడుతుంది. పనిదానికి అండాలు మొదలవుతాయి గానీ సగంలో ఆగిపోతాయి. రాణి ఉన్నంత కాలం అంతే. ఆమె ఒంటి వాసనే వాటిని ఆపేస్తుందని మా అనుమానం. రాణిని తీసేస్తే కొన్నింటికి మళ్ళీ ఎదుగుతాయి. అదీ అన్నింటికీ కాదు. రెండింటికో, మూడింటికో."

"ఆగిపోయినాయని వాటికి తెలుస్తాదా?"

మామా నవ్వింది. "తెలిసి ఏం చేస్తాయి గంగూ? యల్లా, ఇక పద. అమ్మకు మందులు ఇచ్చావా?"

అక్టోబరు మొదట్లో ఏడో పెట్టెలో గుడ్లు కనబడ్డాయి. మొదట చూసింది గంగులమ్మే. భూతద్దం కింద బొంబాయి రవ్వలో సగం ఉన్న తెల్లటి గింజలు, ఒకచోట కుప్పగా. పక్కనే రెండు చెదలు. మిగతావాటి కంటే రంగు తేరి, పొట్టలు సాగి. నెలల తరబడి అన్నింటితో పాటు మన్ను మోసినవే. ఇప్పుడు వాటి నోటికి మిగతావి మేత అందిస్తున్నాయి. గంగులమ్మ పరుగున పోయి మామాను పిలిచింది. మామా నేలమీద మోకాళ్ళేసి చూసి, లేచి, చేతులు కడగని గంగులమ్మను అట్లాగే వాటేసుకుంది.

మిగతా పదకొండు పెట్టెల్లో ఏమీ కాలేదు. నాలుగింట్లో చెదలు చచ్చిపోతూ వచ్చాయి కూడా. మామా ఏడాది పనంతా ఏడో పెట్టెలోకి వచ్చి పడింది.

"మూడు వారాలు పెట్టనిద్దాం. ఇరవై ఎనిమిదో తేదీ మంగళవారం ఆ రెండింటినీ యూనివర్సిటీకి తీసుకుపోయి కోసి చూస్తా" అంది.

"కోస్తావా మామా?"

"కోయకపోతే లోపల ఏముందో ఎలా తెలుస్తుంది?"

గంగులమ్మ పెట్టె మూత వేసింది. ఆ రెండూ పోతేనే తన టికెట్ వస్తుంది.

మంగళవారానికి ముందు శనివారం నాగుల చవితి పడింది. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ పిల్లల్లేని ఆడది ఆ పూట ఉపవాసం ఉండి పుట్టలో పాలు పోయకుండా ఉండదు. పోయినసారి తిరుపతి నుంచి తిరిగొచ్చాక, వచ్చే చవితికి పుట్టలో పాలు పోస్తానని గంగులమ్మ మొక్కుకుంది. ఈ దేశంలో పుట్ట ఎక్కడుంది? కువైట్ సిటీలోని బ్నీద్ అల్ గార్‌లో కొందరు మనవాళ్ళు పళ్ళెంలో మట్టి పోసి బొమ్మ చేసి పూజిస్తారని ఎవరో చెప్పారు. అక్కడికి పోవడానికి ఆమెకు తీరిక ఏది? ఆ ఆలోచనలోనే తట్టింది, పుట్ట పెట్టేది చెదలే కదా అని. పాము తర్వాత వచ్చి చేరేదే. గొడ్డు చెద కడుపు పండించుకున్న పెట్టె ఇంట్లోనే ఉండగా ఎక్కడికో పోవడం ఎందుకు?

మామా, ఆమె మొగుడు బాబా, పిల్లలతో దూరంగా సముద్రం ఒడ్డున ఉన్న షాలేకు, అంటే సెలవుల విడిదికి, పోయారు. ఇంట్లో మామా కబీరా ఒక్కతే. గంగులమ్మ తలస్నానం చేసి, నువ్వులూ బెల్లమూ దంచి చిమ్మిలి ముద్ద చేసింది. ఏడో పెట్టె మూత మీద పసుపూ కుంకుమా పెట్టింది. పుట్ట అంటే నేలకు అంటి ఉండాలి. స్టాండు మీద పెట్టుకుని ఎవరూ మొక్కరు. పెట్టెను దించి గదిలో తూర్పు వైపు నేలమీద పెట్టింది. లోపల పోస్తే పురుగులకు చేటని ఆమెకు తెలియకపోలేదు. అందుకని గాలి కోసం మామా పెట్టించిన జల్లెడ బెజ్జం పక్కన రెండే రెండు చుక్కల పాలు వేసింది. చిమ్మిలిని పెట్టె మూలకు ఆనించి పెట్టింది. ఊళ్ళో అయితే పుట్ట దగ్గర పెట్టినదానికి చీమలు పడితే నాగమ్మ ముట్టినట్టే లెక్క.

మూడోసారి చుట్టి దండం పెడుతుండగా లోపలినుంచి ఏదో పడిన చప్పుడు వచ్చింది.

మామా కబీరా స్నానాల గది గుమ్మంలో పడి ఉంది. ఒళ్ళంతా చెమట, నోట మాట లేదు. చక్కెర పడిపోయిందని గంగులమ్మకు అర్థమయింది. తేనె నాలుక మీద రాసి, కొంచెం కొంచెంగా పళ్ళరసం తాగించి, దిండ్లు పెట్టి ఒళ్ళో తల పెట్టుకుని కూర్చుంది. మామాకు ఫోను చేసింది. ముసలామె గంగులమ్మ చేయి పట్టుకుని వదల్లేదు. డాక్టరు వచ్చి చూసి పోయేసరికి, మామా వాళ్ళు తిరిగొచ్చేసరికి మూడు గంటలు గడిచిపోయాయి.

గంగులమ్మ సామాన్ల గది తలుపు తీసింది. గోడ వారనుంచి పెట్టె దాకా ఎర్రటి నూలుపోగు పరిచినట్టు చీమల బారు. పోయేవి పోతున్నాయి. తిరిగి వచ్చేవాటి నోళ్ళలో తెల్లటి గింజలున్నాయి.

చేత్తో చీమలను దులిపింది. పెట్టెను స్టాండు మీద పెట్టింది, మళ్ళీ తీసింది. మూత తెరిచి వేళ్ళతో చీమలను ఏరబోయింది. పొట్ట సాగిన రెండింటిలో ఒకటి సగమే మిగిలింది. రెండోదాన్ని నాలుగు చీమలు ఈడ్చుకుపోతున్నాయి.

"గంగూ, అమ్మ నిన్ను..." అంటూ వచ్చిన మామా గుమ్మంలో ఆగిపోయింది. కుంకుమ చూసింది. బెల్లం ముద్ద చూసింది.

"ఇది ఎవరు దించారు?"

"నేనే మామా."

"గిన్నెల్లో నీళ్ళు ఎందుకు పోయిస్తానో నీకు తెలుసు. నీకే తెలుసు. ఎందుకు దించావు?"

గంగులమ్మ నోరు తెరిచింది. అరబ్బీలో పుట్టకు ఏమంటారు? చవితికి ఏమంటారు? ఖాతూన్ బీ నమాజు తర్వాత దేవుణ్ణి వేడుకోవడానికి అనే మాట ఒకటి గుర్తొచ్చింది.

"దుఆ" అంది. "బేబీ దుఆ. మా ఊర్లో... కింద పెట్టి చేస్తారు."

మామా అక్కడే ఉన్న బియ్యం బస్తా మీద కూర్చుంది.

"నీకు బిడ్డ కావాలా? ఎప్పుడైనా చెప్పావా నాకు?"

"రంజాన్‌లో చెప్పినా మామా. ఇజాజా కావాలని."

"ఇజాజా అన్నావు. బిడ్డ అనలేదు."

నిజమే. అనలేదు. గంగులమ్మ కళ్ళు తుడుచుకుని మొత్తం చెప్పింది. చెప్పగలిగినంత చెప్పింది. తిరుపతి, సూదులు, డిసెంబరు పద్దెనిమిది, జనవరి. చేతిని పొట్ట మీద పెట్టుకుని, ఆ రోజు తెర మీద చూసిన సన్నదారాన్ని వేలితో గాలిలో గీసి చూపించింది. మామాకు మొత్తం అర్థమయింది. అండాల సంగతి ఆమెకు తెలిసినంత ఆ ఇంట్లో ఇంకెవరికి తెలుసు? ఆమె కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి.

"మా అమ్మను ఈ రోజు నువ్వే బతికించావు. అల్లా నీకు మేలు చేస్తాడు" అంది. కాస్త ఆగి, "కానీ గంగూ, మే నెలలో నేను యూనివర్సిటీకి ఫలితం చూపించాలి. మళ్ళీ మొదటినుంచి పెట్టాలి. నాలుగు నెలలు. నువ్వు పోతే వీటిని ఎవరు చూస్తారు? అమ్మను ఎవరు చూస్తారు? కొత్తమ్మాయి వచ్చి నేర్చుకునేసరికి ఎండాకాలం అయిపోతుంది. మార్చిలో నేనే టికెట్ తీస్తా. మూడు నెలలు ఉండి రా."

"మార్చికి అయిపోతాది మామా."

"డాక్టర్లు అలాగే భయపెడతారు."

ఆ మాట అంటూ మామా కళ్ళు పక్కకు తిప్పుకుంది. అది చూశాక గంగులమ్మ ఇంక బతిమాలలేదు. అరిచి తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

మర్నాడు ప్రహరీ దగ్గర ఖాతూన్ బీ విని నెత్తి కొట్టుకుంది.

"పిచ్చిదానా, పాలు పోసేదానికి ఇంకేం దొరకలేదా నీకు? పోనీ, పోతానని గట్టిగా చెప్పు."

"పాస్‌పోర్టు బాబా బీరువాలో ఉండాది కదక్కా."

"ఎంబసీకి పో."

"పోతే బాబానే కదా కఫీల్, పారిపోయిందని పరారీ కేసు పెడతాడు. ఈడ ఉండే ఇఖామా కాగితం పోతాది. వాళ్ళు పంపించేసరికి ఎన్ని నెల్లు పడతాదో నీకు తెల్దా? మా వీధి మస్తాన్ బీ ఆర్నెల్లు పడింది ఆ షెల్టర్లో."

ఖాతూన్ బీ అందరికీ దారి చెప్పే మనిషి. "టీ తాగినావా?" అని మాత్రం అడిగింది.

శుక్రవారం చిన్నపుల్లయ్య రాళ్ళ మీద కూర్చుని గోళ్ళలో పట్టిన రంగు గీక్కుంటూ విన్నాడు.

"పుట్టకు మొక్కినందుకు ఇట్లయిందా?"

"మొక్కినందుకు కాదు. దించినందుకు."

"నేను వచ్చి మీ బాబాతో మాట్లాడేదా?"

"ఏమని మాట్లాడతావబ్బా? నీకు అరబ్బీ వస్తాదా?"

"హిందీలో చెప్తా."

"ఆయనకు హిందీ రాదు."

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వు అయిపోయాక ఆయన అన్నం డబ్బా మూత పెట్టాడు. సగం కూడా తినలేదు.

"నా లీవు డిసెంబరు పన్నెండుకు వచ్చేసింది మే. నిలిపేద్దామంటే మళ్ళా రెండేళ్ళు ఇయ్యడు కంపెనీవోడు. నేను పోయేదా?"

"పో. మీ అమ్మను చూసినట్టన్నా ఉంటాది."

"నువ్వు లేకుండా నేను పోయి ఏం చేయాల ఆస్పత్రిలో?"

ఆమె సముద్రం వైపు చూస్తూ కూర్చుంది. దూరంగా ఓడలు కదలకుండా ఆగి ఉన్నాయి. ఆరు గంటలకు మామా కబీరా సూది. ఐదింటికే లేచింది.

నవంబరు మూడో వారంలో మామా మనుషులను పెట్టించి వెనక తోటలో ఒక ఎండిన ఖర్జూరపు చెట్టు కొట్టించింది. మొద్దు చీలిస్తే లోపల చెదలు కుప్పలుగా కదిలాయి. గంగులమ్మ తెల్లటి ట్రే ముందు కూర్చుని తడి కుంచెతో ఒక్కొక్కటే ఎత్తి కొత్త పెట్టెల్లోకి దింపసాగింది. పెట్టెకు రెండు వందలు. పెద్ద తలవి పది. రెక్కల మొలకలున్నవి వద్దు. మొద్దు నడిమి అరలో దొరికిన పెద్ద పొట్ట రాణిని మామా స్పిరిట్ సీసాలో వేసి మూత బిగించింది.

నాలుగో పెట్టె దగ్గర ఫోను మోగింది. తిరుపతి నంబరు. మామా తల ఊపితే చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది.

"గంగులమ్మ గారేనా? హాస్పిటల్ నుంచి అమ్మా. పద్దెనిమిదో తారీఖుకు మీరొస్తున్నారా? సూదులు అంతకు వారం ముందే మొదలుపెట్టాలి. కన్ఫర్మ్ చేయండి."

"మా ఆయన వస్తాడమ్మా. నాకు... ఇక్కడ పని పడింది. మార్చిలో వస్తా."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు. "ఆయన ఒక్కరొస్తే పర్లేదమ్మా, ఆయనది తీసి దాచిపెడతాం. ఎన్నాళ్ళైనా ఉంటుంది. మీదే కదా ఇబ్బంది. మీరు రాకుండా మీది ఎట్లా తీస్తాం? ఫైల్లో మేడమ్ జనవరి అని ఎర్ర ఇంకుతో రాసింది. ఆ తర్వాతయితే వేరే వాళ్ళ అండం తీసుకోవాల్సి వస్తుందేమో, ఆలోచించుకోండి."

"వేరే వాళ్ళదా?"

"అవునమ్మా. ఎవరిదైనా. చాలామంది చేయించుకుంటారు. మోసేది మీరే కదా."

గంగులమ్మ చేతిలోని కుంచె కొసన ఒక చెద వేలాడుతోంది. దాన్ని పెట్టెలోకి దింపింది. నూట పద్నాలుగు.

"అమ్మా, లైన్లో ఉన్నారా? ఈ తారీఖు ఖాళీగా పెట్టలేము. బయట చాలామంది ఎదురుచూస్తున్నారు. ఇంకొకరికి ఇచ్చేయమంటారా?"

బల్లకు అటువైపు మామా తలెత్తి చూసింది. తెలుగు రాకపోయినా ఆ మాట ఏదో ఆమెకు తెలిసినట్టే ఉంది. తన ట్రేలో చెదలను మళ్ళీ ఎత్తసాగింది. ఆమె కుంచె కింద ఒకటి నలిగింది.

"ఇచ్చేయమ్మా" అంది గంగులమ్మ.

"సరే అమ్మా. మరి మీకు మార్చిలో ఏ తారీఖు రాయమంటారు?"

గంగులమ్మ ఏదో చెప్పబోయింది. మార్చిలో ఏ తారీఖో మామాను అడగాలి. మామా పెట్టెలను అడగాలి.

"అమ్మా? హలో... హలో..."